అగత్తి నీళ్లలో కళ్లు తెరిచాను

శంషాబాద్: తొక్కు డబ్బా దగ్గర ఆగిన ప్రయాణం

మా ఊరు మంఖాల్. విమానాలు మా డాబా మీద నుంచే దిగుతాయి. పదిహేనేళ్లుగా వాటి పొట్టలు చూసి చూసి, ఏ పొట్ట ఏ కంపెనీదో తల ఎత్తగానే చెప్పే స్థాయికి వచ్చాం. కానీ ఆ పొట్టలో కూర్చుంటే మా డాబా ఎట్లా కనిపిస్తుందో చూసినవాడు మా వాడకట్టులో ఒక్కడూ లేడు. ఆ మర్యాద నాకూ మా ఆవిడ యాదమ్మకూ దక్కింది. మా ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు బండి మీద అరగంట కూడా పట్టదు. లోపలికి అడుగు పెట్టడానికి మాత్రం నాకు నలభై ఆరేళ్లు పట్టింది.

నేను ప్లాట్లు అమ్మే ఏజెంటును. ఏడో తరగతిలో బడికి దండం పెట్టాను. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టింది. మా వెంచరు కంపెనీ ఈసారి టార్గెట్ కొట్టిన ఏజెంట్లను భార్యలతో సహా ఓడ ఎక్కించింది. ముంబైలో ఎక్కడం, గోవా చూడడం, లక్షద్వీపాల్లో అగత్తి అనే దీవి చూడడం, కొచ్చిలో దిగడం. ఓడ ఆగిన చోటల్లా నీళ్లలో దింపి చేపలు చూపిస్తామని కాగితంలో రాశారు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని పైన తేలుతూ చూసేది ఒకటి. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని లోపలికి పోయి చూసేది ఇంకొకటి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ప్లాట్లకు ముందు ఇరవై ఏళ్లు నా పని నీళ్లలోనే. బావిలో మోటారు పడినా, చెరువులో మనిషి మునిగినా నాకు ఫోన్ వచ్చేది. ‘గజ ఈతగాళ్ల సాయంతో మృతదేహాన్ని వెలికితీశారు’ అని పేపర్లో చదువుతుంటారు కదా, ఆ గజ ఈతగాళ్లలో ఒకణ్ణి. పేరు మాత్రం రాయరు, ఏనుగుతో పోల్చి ఊరుకుంటారు.

మూడేళ్ల కింద గగన్‌పహాడ్ దగ్గర పాడుబడ్డ క్వారీ గుంతలో ఎవరో మునిగారని పిలిచారు. పోయి చూస్తే గట్టు మీద యాదమ్మ కూర్చుని ఉంది. మునిగింది ఆమె తమ్ముడు శ్రీను. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు. వాడికి ఈత నేర్పింది నేనే.

వాణ్ణి తీశాను. ఆ తర్వాత మళ్లీ నీళ్లలో దిగలేదు. అప్పుడు నీళ్లలో నుంచి తీసేవాణ్ణి, ఇప్పుడు నీళ్లు లేని చోట ప్లాట్లు అమ్ముతున్నాను. యాదమ్మ ఆ రోజు గట్టు మీదే అడిగింది, “లోపల వాడు ఎట్ల ఉండె?” అని. “నిద్రపోయినట్టు ఉండె. నిమ్మళంగ,” అన్నాను. ఆ మాట ఆమె కొంగున ముడేసుకుంది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది: “మా ఆయన కండ్లార జూసిండు. మా తమ్ముడు నిద్రపోయినట్టే ఉండెనంట.” అప్పుడల్లా నేను మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి పోతాను.

ఎందుకంటే నేను వాణ్ణి చూడలేదు. వాణ్ణే కాదు, నీళ్ల కింద ఎవరినీ చూడలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా నీళ్ల లోపల కళ్లు తెరవలేదు. గుంత నీళ్లు పైన పచ్చగా, అడుగున నల్లగా ఉంటాయి. తెరిచినా కనిపించేది బురదే. అదొక్కటే కాదు. ఒకసారి కనిపిస్తే రెండోసారి దిగలేం. నాకు పని నేర్పిన పెద్దమనిషి మొదటి రోజే చెప్పాడు: “కండ్లు మూసుకో. కాళ్లతోని దేవులాడు. చేతులతోని పట్టు.”

కంపెనీ కాగితం చదివి వినిపించినప్పుడు యాదమ్మ ఓడ గురించి అడగలేదు, కొత్త చీర గురించి అడగలేదు.

“నీళ్ల కిందికి తోల్కపోతరా?”

“తోల్కపోతరంట.”

“అయితే నేనొస్త. నువ్వు జూసినట్టు నేను గూడ జూడాలె.”

అట్లా బయలుదేరాం. ఆమె చూడడానికి, నేను దొరికిపోకుండా ఉండడానికి.

సెక్యూరిటీ దగ్గర యాదమ్మ సంచిలోంచి మామిడికాయ తొక్కు డబ్బా బయటికి తీశారు. నూనె ఉన్నది చేతి సంచిలో పోదట. ఆ డ్యూటీ పిల్ల ఉత్తరాది పిల్ల. యాదమ్మ డబ్బా మూత తీసి ముందుకు జరిపింది. “జర రుచి జూడు బిడ్డా. బాంబయితే నాలిక మీదనే తెలుస్తది.” ఆ పిల్లకు మాట అర్థం కాలేదు కానీ వాసన అర్థమైంది. నవ్వి, అయినా డబ్బా పక్కన పెట్టేసింది. లోపల చాయ్ రెండు వందల ఇరవై. శంషాబాద్ బస్టాండులో అదే డబ్బుకు మా ఏజెంట్లందరికీ తాపి, పైన ఉస్మానియా బిస్కెట్లు కూడా పెట్టొచ్చు. యాదమ్మ ఆ చాయ్‌ని అరగంట తాగింది.

ముంబై: పదకొండు అంతస్తుల నీళ్లిల్లు

ఓడను దగ్గర నుంచి చూస్తే అది ఓడలా ఉండదు. గేటెడ్ కమ్యూనిటీని ఎవరో తాడు కట్టి నీళ్లలోకి లాగినట్టు ఉంటుంది. లిఫ్టులు, ఈతకొలను, దుకాణాలు. సముద్రం మీద పోతూ మళ్లీ ఈతకొలను ఎందుకో ఎవరూ చెప్పలేదు.

మాతో వచ్చింది మార్కెటింగ్ మేనేజరు ప్రసాద్ గారు. ఇల్లు బుద్వేల్‌లో, పుట్టింది గోదావరి పక్క. మనిషి మంచివాడు, మాట ఇంకా మంచిది. వాళ్ల ఆవిడ ఓడ కదలకముందే వాంతి మాత్ర వేసుకుని గదిలో పడుకుంది. ఆయన మాత్రం డెక్కు మీద నిలబడి ఊపిరి పీల్చి, “మేం కాలవల్లో ఈదుకుంటూ పెరిగినవాళ్లమండీ మల్లేశ్ గారూ, సముద్రం మాకు పెద్ద కొత్తేం కాదు,” అన్నాడు.

“సముద్రానికి మీరు కొత్తనే గద సార్,” అన్నాను.

తిండికి లోటు లేదు. నూట ఇరవై రకాలని బోర్డు పెట్టారు. అందులో మా ఇద్దరికీ తినదగ్గవనిపించినవి అన్నం, పెరుగు. యాదమ్మ ప్లేటు పట్టుకుని వరుస చివరిదాకా పోయి వెనక్కి వచ్చింది. “ఇన్ని పెట్టిండ్రు, చారు పెట్టలే,” అంది. వడ్డించే అబ్బాయిల్లో ఒకతను చటుక్కున తలెత్తాడు. శ్రీకాకుళం వాడు, తొమ్మిది నెలలుగా ఓడలోనే ఉన్నాడట. “అమ్మా, కాసేపు కూకోండి,” అని పోయి, పనివాళ్ల వంటగదిలోంచి స్టీలు గిన్నెలో చారు తెచ్చాడు. మిరియాలు ఎక్కువ, చింతపండు తక్కువ. యాదమ్మ గిన్నె ఖాళీ చేసి అతని నెత్తి మీద చెయ్యి పెట్టింది. “నీకు ఈత వస్తదా బిడ్డా?” అని అడిగింది.

“రాదమ్మా. ఓడలో పనికి అదేం అడగరు.”

ఆమె చెయ్యి వెంటనే తీయలేదు.

గోవా: ప్రసాద్ గారి కళ్లద్దాలు

గోవాలో ఓడ దిగి చిన్న పడవ ఎక్కి గంట పోతే ఒక దీవి. దాని పక్కన లంగరు వేసి, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ముఖాలకు అద్దాలు కట్టారు. మాస్కులో ప్రతివాడూ ఒకేలా ఉంటాడు. మా కంపెనీలో ఎవడు డైరెక్టరో ఎవడు ఏజెంటో తెలియని ఏకైక గంట అదే. నీళ్లలో ఫోటో తీస్తే ఎనిమిది వందలు, వీడియో అయితే పదిహేను వందలు. చేపలు రావడానికి పడవవాళ్లు బ్రెడ్డు ముక్కలు విసురుతారు. చేపలకు టిఫిన్ పెట్టి పిలిచి, చూపించినందుకు మన దగ్గర తీసుకుంటారు. ప్లాట్ల వ్యాపారం కూడా అంతే, మేమూ టిఫిన్ పెట్టే సైటు చూపిస్తాం.

నేను పడవలోనే కూర్చున్నాను. కడుపు బాగాలేదన్నాను. ప్రసాద్ గారు మాత్రం కాలవ అలవాటుతో, కళ్లద్దాల మీదే మాస్కు బిగించి దూకాడు. దూకిన చోటే తేలాడు కానీ అద్దాలు తేలలేదు. మాస్కు ఊడి, కళ్లద్దాలు జారి, ఉప్పునీళ్లు మింగి, దగ్గుతూ పడవ అంచు పట్టుకున్నాడు.

“మల్లేశ్ గారూ, పోనీ మీరొకసారి దిగి చూడండి. మీకు ఇది చేతిలో పని కదండీ. మహా అయితే ఇరవై అడుగులుంటుంది.”

పడవలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నీళ్లలో రబ్బరు ట్యూబు పట్టుకుని తేలుతున్న యాదమ్మ కూడా తిరిగింది.

“కడుపు సార్,” అన్నాను.

“రెండు నిమిషాల పనండీ.”

“ఆ అద్దాలతోని మీరు ఏం జూస్తుండె సార్, అన్ని టార్గెట్లేనాయె. కొద్దిరోజులు వదిలెయ్యుండ్రి.”

అందరూ నవ్వారు. నా జీవితంలో సగం కష్టాలు ఈ నవ్వు వెనకే దాక్కున్నాయి. యాదమ్మ నవ్వలేదు. పడవ ఎక్కాక పక్కన కూర్చుని జుట్టు పిండుకుంటూ అంది.

“ఏం కనవడలే. అంత పచ్చగుంది. రెండు చేపలు కనవడ్డయ్, గవి గూడ ముక్కు కాడికొస్తే.”

“గోవా నీళ్లు గట్లనే ఉంటయంట.”

“మన గుంత నీళ్లు గిట్లనే పచ్చగుంటయ్ గద. మరి నీకెట్ల కనవడేది?”

“అలవాటు,” అన్నాను.

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి దాని పక్కన ఇంకొకటి కట్టాలి. గోడకు గోడ ఆనించినట్టు.

సముద్రం మీద ఒక పగలు: ఢోక్లాకు సకినాలు

గోవా దాటాక ఒక పూర్తి పగలు ఎక్కడా నేల కనిపించదు. మొదటి గంట బాగుంటుంది. తర్వాత మనిషి మనిషిని చూడడం మొదలుపెడతాడు. మా పక్క కుర్చీల్లో గుజరాతీ కుటుంబం. వాళ్లు ఓడ తిండిని నమ్ముకోకుండా డబ్బాల నిండా సొంత తిండి తెచ్చుకున్నారు. ఆ ఒక్క విషయంలో మన దేశమంతా ఒకటే. వాళ్ల పెద్దావిడ గులాబీ రంగు ఫ్రేము కళ్లద్దాలు పెట్టుకుని, యాదమ్మకు ఢోక్లా పెట్టింది. యాదమ్మ సకినాలు తీసింది. ఆవిడకు పళ్లు తక్కువ. సకినాన్ని చాయ్‌లో నానబెట్టుకుని తిన్నది. మా దగ్గర చూస్తే నవ్వుతారు కానీ నేను కూడా ఒకటి నానబెట్టి చూశాను. బాగుంది.

వాళ్లిద్దరికీ కలిసిన భాష హిందీ ఒక్కటే. ఆవిడకు అది సగమే వచ్చు, యాదమ్మకు బాగానే వచ్చు. శంషాబాద్ కూరగాయల మార్కెట్లో పన్నెండేళ్లు కూర్చున్న మనిషి. పిల్లలెందరు, అల్లుడేం చేస్తాడు, మోకాళ్ల నొప్పికి ఏ నూనె, అన్నీ అయ్యాక, నేను రెయిలింగు పట్టుకుని నిలబడి ఉండగా వెనక నుంచి వినిపించింది. యాదమ్మ తమ్ముడి సంగతి చెబుతోంది. “మేరే ఆద్మీ దేఖా,” అని, రెండు వేళ్లతో తన కళ్లను చూపించి, తర్వాత రెండు చేతులూ కలిపి చెంప కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోయినట్టు. గుజరాతీ ఆవిడ నా వైపు చూసి, రెండు చేతులెత్తి దండం పెట్టింది.

నేను చాలామందిని నవ్వించాను. ఎవరూ నాకు దండం పెట్టలేదు. పెట్టిన ఆ ఒక్కరూ అబద్ధానికి పెట్టారు. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు, కడుపు నిజంగానే పాడైంది.

అగత్తి: నీళ్ల కింద నా కాళ్లు

అగత్తికి ఓడ దగ్గరగా పోలేదు. దూరంగా ఆగితే, చిన్న పడవల్లో దీవికి చేర్చారు. పడవ పగడపు దిబ్బను దాటి లోపలికి రాగానే నీళ్ల రంగు మారిపోయింది. అడుగున ఇసుక మీద పడవ నీడ కూడా మాతో పాటు వస్తోంది. అటువంటి నీళ్లను నేను బిందెలో కూడా చూడలేదు.

సన్నటి దీవి. రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా సముద్రం కనిపిస్తుంది. అక్కడా ఒక ఎయిర్‌పోర్టు ఉంది, రన్‌వే చివర నీళ్లే. మా దగ్గర ఎయిర్‌పోర్టు పక్కన రాయీ రప్పా కూడా గజాల్లెక్కన పోతుంది, ఇక్కడ బయటివాళ్లకు భూమి అమ్మరట. ఏజెంటు అనేవాడు లేని ఊరు. అందుకేనేమో మనుషులు నిదానంగా నడుస్తున్నారు. మందు దొరకదు, కేకలు లేవు. కొబ్బరిబోండాం నలభై రూపాయలు. కొట్టిచ్చినాయన తాగేదాకా పక్కనే నిలబడి, చిప్ప పగలగొట్టి లేత కొబ్బరి కూడా గీకి ఇచ్చి పోయాడు.

మమ్మల్ని నీళ్లలోకి తీసుకుపోయేవాడి పేరు కోయా. యాభై దాటిన మనిషి, ఎండకు కాలి నల్లబడ్డ ముఖం, తెల్లబడ్డ కనుబొమలు. ఆయనది మలయాళం కలిసిన హిందీ, నాది ఉర్దూ కలిసిన హిందీ. తక్కువ పడ్డచోట చేతులు.

ముందు ఫారం నింపాలి. ఇంగ్లీషు ఫారం. కళ్లద్దాలు పోయిన ప్రసాద్ గారు గుజరాతీ ఆవిడ గులాబీ ఫ్రేము అరువు తెచ్చుకుని అందరివీ నింపాడు. నాది నింపుతూ, “ఇంతకు ముందు నీటి అడుగుకు దిగిన అనుభవం ఉందా, ఎన్నేళ్లు,” అని తనే చదివి, తనే ‘ఇరవై’ అని వేసేశాడు. కోయా ఆ కాగితం చూసి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు తన పడవ ఎక్కడం తన అదృష్టమన్నాడు. యాదమ్మ ముఖంలో ఒక గర్వం. నాకు ఆ క్షణమే దిబ్బ దాటి ఓడలోకి ఈదుకుంటూ పోవాలనిపించింది.

నడుము లోతు నీళ్లలో నిలబెట్టి పాఠం చెప్పాడు. నోటి గొట్టంతో ఊపిరి పీలుస్తూనే ఉండాలి, ఎంతమాత్రం బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. చెవులు నొప్పి పెడితే ముక్కు మూసి ఊదాలి. అన్నిటికంటే ముఖ్యం, తన చేతిని చూస్తూ ఉండాలి. బాగుంటే చూపుడువేలు బొటనవేలు కలిపి సున్నా చూపాలి. బొటనవేలు పైకి లేపితే పైకి తీసుకుపొమ్మని.

ముందు ప్రసాద్ గారు. మూడుసార్లు మునిగాడు, మూడుసార్లూ కోయా వెంటనే పైకి తెచ్చాడు. మూడోసారి ప్రసాద్ గారికి కోపం వచ్చింది. “అబ్బే, సూపర్‌గా ఉందని చూపిస్తుంటే ఈయన ఊరికే పైకి లాగేస్తాడేంటండీ,” అన్నాడు. సైటు చూసిన ప్రతి కస్టమరుకూ బొటనవేలు లేపి లేపి ఆయనకు అదొక్కటే మిగిలింది.

తర్వాత నేను. వీపు మీద సిలిండరు, నోట్లో గొట్టం, ముఖానికి అద్దం. తల ముంచాను. ముంచగానే కళ్లు మూసుకున్నాయి. నేను మూయలేదు, అవే మూసుకున్నాయి. ఊపిరి కూడా దానంతట అదే ఆగిపోయింది. కాళ్లు కింద ఇసుకను తడమడం మొదలుపెట్టాయి. ఎడమ కాలు అర్ధచంద్రంలా ఒకసారి, కుడి కాలు ఒకసారి. భుజం మీద ఎవరో తట్టారు. నేను తడుముతూనే ఉన్నాను. చంకల కింద చేతులేసి పైకి లాగితే కానీ నేను అగత్తిలో ఉన్నానని గుర్తుకు రాలేదు.

కోయా నోటి గొట్టం తీసి నెమ్మదిగా అడిగాడు. “నా చెయ్యి చూశారా?”

“లేదు.”

“ఊపిరి ఎందుకు ఆపారు?”

“అలవాటు.”

“కళ్లు ఎందుకు మూశారు?”

అక్కడ ఒక జోకు వేయొచ్చు. నోటి చివర సిద్ధంగానే ఉంది. కానీ ఆయన నన్ను తప్పు పట్టడం లేదు. పనివాడు తోటి పనివాణ్ణి అడిగినట్టు అడుగుతున్నాడు. “ఇరవై ఏళ్లు మరి ఎట్లా చేశారు?”

“ఆంఖ్ బంద్ కర్కే,” అన్నాను. “నీళ్ల లోపల ఎన్నడూ తెరవలేదు.”

యాదమ్మ నాకు చేతికందే దూరంలో ఉంది, నీళ్లు ఆమె నడుముదాకా. మాస్కు నుదుటి మీదికి నెట్టుకుని ఉంది. మార్కెట్లో పన్నెండేళ్లు హిందీలో బేరాలాడిన మనిషికి నా మూడు ముక్కలు అర్థం కావని ఎట్లా అనుకుంటాను? ఆమె నన్ను చాలాసేపు చూసింది. మాస్కు కళ్ల మీదికి దించుకుంది.

“చలో భయ్యా,” అంది కోయాతో.

ఆయన నాకు చెప్పాడు: ఊపిరి బిగబట్టేవాణ్ణి కిందికి తీసుకుపోలేను, మీరు పైనే గొట్టంతో తేలుతూ చూడండి. తర్వాత ఆమె వీపు మీది సిలిండరు పట్టుకుని లోతు వైపు తీసుకుపోయాడు. ఈత రాని మనిషి, కూరగాయల గంప తప్ప వీపున, నెత్తిన ఏదీ మోయని మనిషి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా మునిగిపోయింది.

నేను అట్లాగే నిలబడ్డాను. తర్వాత ముఖానికి అద్దం సరిచేసుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, వంగాను. కళ్లు మూసుకున్నాయి. వేళ్లతో విప్పుదామంటే మధ్యలో అద్దం ఉంది. ఊపిరి పీల్చాను. వదిలాను. మళ్లీ పీల్చాను. కళ్లు తెరిచాను.

మొదట కనిపించినవి నా కాళ్లు. నీళ్ల కింద నా కాళ్లను నేను చూడడం అదే మొదలు. తెల్లగా, ఉబ్బిన నరాలతో, నేను అనుకున్నదానికంటే ముసలివిగా ఉన్నాయి. ఎందరినో వెతికి పట్టుకున్న కాళ్లు అవే. వాటి పక్కనుంచి చిన్న నీలం చేపలు వాటి పని మీద అవి పోతున్నాయి.

నేల వదిలి తేలుతూ లోతు మీదికి పోయాను. కింద పగడపు బండల మధ్య యాదమ్మ ఉంది. కోయా ఆమెను వెనక నుంచి పట్టుకుని ఉన్నాడు. పసుపు చేపల గుంపు ఒకటి ఆమె ముందు నుంచి తెర లాగినట్టు పోయింది. ఆమె చేతులు ఎటూ చాచలేదు, దేన్నీ ముట్టుకోలేదు. ఊరికే చూస్తోంది. ఆమె వదిలిన గాలి బుడగలై పైకి వస్తోంది. అవి పెద్దవవుతూ, ఊగుతూ వచ్చి నా రొమ్ముకు తగిలి పగిలిపోతున్నాయి. నేను దిగిన ఏ నీళ్లలోనూ కింద నుంచి ఊపిరి పైకి రాలేదు. ఒక బుడగల గుత్తి పగిలాక ఇంకొకటి వచ్చేదాకా నేను ఎదురుచూస్తున్నాను. వస్తోంది. మళ్లీ వస్తోంది.

ఆమె పైకి వచ్చాక ప్రసాద్ గారు, “ఎలా ఉందమ్మా?” అని అడిగాడు.

“మంచిగుంది సారూ. అంత కనవడ్తది,” అంది.

నాతో మాట్లాడలేదు. ఒడ్డున కొబ్బరాకు చాపల మీద కూర్చోబెట్టి అన్నం, సూర చేప కూర పెట్టారు. కొబ్బరి వేసి వండిన కూర, మన చేపల పులుసుతో పోల్చుకోకుండా తింటే చాలా బాగుంటుంది. యాదమ్మ ఎప్పటిలాగే నా ప్లేటులో ముళ్లు తీసిన ముక్క వేసింది. మాట మాత్రం లేదు. తిరుగు పడవలో లేదు, ఓడలో లేదు. తిట్టినా బాగుండేది.

కొచ్చి ముందు: చాయ్ చల్లారేదాకా

తెల్లారి ఓడ కొచ్చి రేవులోకి నెమ్మదిగా పోతోంది. ఒడ్డున చైనా వలలు కనిపిస్తున్నాయని జనమంతా ఆ పక్క రెయిలింగుకు పోయారు. ఈ పక్క మేమిద్దరమే. శ్రీకాకుళం అబ్బాయి రెండు చాయ్‌లు పెట్టి పోయాడు.

“కండ్లు మూసుకొని ఎట్ల జూసినవయ్యా మా తమ్ముణ్ణి?”

“జూడలే.”

“మరి నిద్రపోయినట్టు ఉండెనని ఎట్ల చెప్పినవ్?”

“నువ్వు గట్టు మీద కూసున్నవ్. అడిగినవ్. నోటికొచ్చింది చెప్పిన.”

“మూడేండ్లు చెప్పిచ్చినవ్ నాతోని. ఊరంత చెప్పిన. నిన్నగాక మొన్న ఆ ముసలమ్మకు గూడ చెప్పిన.”

నేను నా చేతులు చూసుకున్నాను.

“ఇప్పుడు చెప్పు. నీ చేతులకు ఏం తెలిసిందో గదే చెప్పు. ఒక్క మాట కలపకు.”

చెప్పాను. మూడుసార్లు దిగినా దొరకలేదు. నాలుగోసారి రాతి మెట్టు కింద ఎడమ కాలికి గుడ్డ తగిలింది. చేత్తో తడిమితే చొక్కా గుండీలు. పైకి పోతే గడ్డం, ముక్కు, జుట్టు. వాడేనని జుట్టుతోనే తెలిసింది, వెనక పొడుగ్గా వదిలేవాడు, నేనే ఎగతాళి చేసేవాణ్ణి. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. విప్పాను. మన్ను. గోళ్లలో కూడా మన్నే. నిద్రపోయినట్టు లేడు. కొట్టుకున్నాడు.

యాదమ్మ చాయ్ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. తాగలేదు.

“ఇంక?”

“ఇంకేం లేదు.”

“ఉంది. నువ్వు పైకొచ్చేసరికి మస్తు సేపయింది. అందరు నువ్వు గూడ పోయినవనుకున్నరు. పోలీసాయన తాడు గుంజమన్నడు. నాకు యాదికుంది.”

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అది పనిలో భాగం కాదు. పనిలో నియమం, దొరకగానే పైకి తేవడం. నేను తేలేదు. వాడు దొరికాక, వాణ్ణి రెండు చేతులతో రొమ్ముకు ఆనించుకుని అడుగునే కూర్చున్నాను. పైకి పోతే గట్టు మీద ఈమె ఉంది. కింద మేమిద్దరమే ఉన్నాం. ఊపిరి ఉన్నంతసేపు కూర్చున్నాను. ఈత నేర్పేటప్పుడు మంఖాల్ బావిలో వాణ్ణి పొట్ట కింద చెయ్యి పెట్టి అట్లాగే పట్టుకునేవాణ్ణి. చెవుల్లో గంటలు మోగేదాకా ఉండి, అప్పుడు కాళ్లతో నేలను తన్నాను.

“గంతే,” అన్నాను. “ఊపిరి ఉన్నంత సేపు పట్టుకొని ఉన్న. ఇంక సాధ్యం గాలే.”

అవతలి పక్క జనం వలలను చూసి ఏదో అనుకుంటున్నారు. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. నేను నీళ్లను చూస్తూ కూర్చున్నాను.

“నిద్రపోయిండంటే,” అంది చివరికి, “వాడొక్కడే పండుకున్నట్టు అనిపిస్తుండె నాకు. గంత లోతుల. ఎవ్వరు లేకుండ.” కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నీ ఒడిల ఉండెనన్నట్టు, జరసేపు.”

“ఉండె.”

“గిది ఆ పొద్దే చెప్తే ఏమయితుండె నీకు?”

ఆమె చల్లారిన చాయ్ తాగేసి, నాది కూడా తీసుకుని తాగేసింది.

శంషాబాద్: దిగుతున్నప్పుడు

కొచ్చిలో గుజరాతీ ఆవిడ యాదమ్మను కౌగిలించుకుని పోయింది. ప్రసాద్ గారు గులాబీ ఫ్రేము తిరిగి ఇచ్చేసి, ఎయిర్‌పోర్టులో గేటు నంబర్లు నన్ను చదవమన్నాడు. కంపెనీలో నా చదువు పనికొచ్చిన రోజు అదొక్కటే.

విమానంలో కిటికీ పక్క సీటు యాదమ్మ తీసుకుంది. మేఘాలు దాటి కిందికి వచ్చేసరికి ఔటర్ రింగు రోడ్డు తెల్లటి తాడులా కనిపించింది. తర్వాత బండలు, షెడ్డులు, మేం అమ్మిన వెంచర్లు, అమ్మాల్సిన వెంచర్లు. వాటి మధ్య అక్కడక్కడా క్వారీ గుంతలు. నేల మీద ఎవరో అద్దం పగలగొట్టి వదిలేసినట్టు, ఎండకు మెరుస్తున్నాయి. ఇన్ని ఉంటాయని నాకూ తెలియదు. చాలా వాటిలో నేను దిగినవాణ్ణే.

యాదమ్మ నుదురు కిటికీకి ఆనించింది.

“అండ్ల మా తమ్మునిది ఏదయ్యా?”

ఏదో ఒకటి చూపిస్తే ఆమె నమ్మేది. ఆ మెరిసేదాన్ని, ఆ పెద్దదాన్ని, ఏదైనా సరే. వేలు సగం లేచింది కూడా.

“తెల్వది,” అన్నాను. “మీదికెళ్లి ఎన్నడు జూడలే.”

ఆమె తల ఊపింది. కొంచెం వెనక్కి జరిగి, నా తల కూడా కిటికీలో పట్టేటట్టు చోటిచ్చింది. చక్రాలు నేలను తాకేదాకా ఇద్దరం చూస్తూనే ఉన్నాం.